పక్షవాతం: సదరం పరీక్షకి ఏ వైద్య కాగితాలు పట్టుకెళ్లాలి? (విశాఖ)

గాజువాక_కుర్రాడు:
మా నాన్నగారికి పక్షవాతం వచ్చి ఏడు నెలలైంది. ఎడమ చెయ్యి, కాలు సరిగా పనిచేయవు. పింఛను కోసం సదరం (వైకల్యం ఎంత శాతమో తేల్చే ప్రభుత్వ వైద్య పరీక్ష) స్లాట్ కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ఆసుపత్రి) వచ్చింది. ప్రైవేటు ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ, మందుల చీటీలే ఉన్నాయి. సీటీ స్కాన్ రిపోర్టు, ఫిల్ము కనబడట్లేదు. సమ్మరీలో ‘కండిషన్ స్టేబుల్’ అని ఉంది. దానివల్ల శాతం తగ్గిస్తారా అండీ?

ఫిజియో_ఎంవీపీ:
ఆ మాటకి బెంగ పడకండి. గండం గడిచింది, ఇంటికి పంపొచ్చు అని దానర్థం. చెయ్యి బాగుపడిందని కాదు. సదరంలో పరీక్షించే మెడికల్ బోర్డు జబ్బుకి శాతం వేయదు, ఇప్పుడు మిగిలిన లోపానికి వేస్తుంది. నరాల జబ్బుల్లో ఆరు నెలలు ఆగి చూసేది అందుకే, ఈలోగా కొంత కోలుకోవచ్చు కాబట్టి.

ఎప్పుడు వచ్చింది, ఏ వైపు, రక్తం గడ్డా రక్తస్రావమా అన్నది పాత కాగితాలు చెబుతాయి. ఇవాళ్టి సంగతి వాటిలో ఉండదు. స్లాట్‌కి ముందే న్యూరాలజీ ఓపీలో చూపించి కండరాల బలం అంకెల్లో (5 అంటే పూర్తి బలం) రాయించండి: భుజం 3/5, మణికట్టు 2/5, అలా. 3 అంటే చెయ్యి పైకెత్తగలరు, మనం కాస్త నొక్కితే పడిపోతుంది. 2 అంటే బల్ల మీద పక్కకి జరపగలరు, ఎత్తలేరు. ‘ఎడమవైపు బలహీనత’ అని ఒక్క ముక్క రాసిస్తే ఎంత బలహీనతో ఎవరికీ తెలీదు. బిగుసుకుపోవడం, మాట తడబడటం ఉంటే అవీ విడిగా రాయించాలి.

రికార్డ్స్_మహారాణిపేట:
సీటీ గురించి ఆ ఆసుపత్రికి అర్జీ రాసివ్వండి. ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు, చేరిన తేదీ వేసి, మీ కాపీ మీద స్టాంపు వేయించుకోండి. మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులు 3 ఏళ్లు ఉంచాలి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. ఫిల్ము లేకపోతే రిపోర్టయినా తెచ్చుకోండి, అసలు విషయం అందులోనే ఉంటుంది.

ఇంకోటి. ఆధార్‌లో పేరు ఒకలా, కేస్ షీట్‌లో ఇంకోలా ఉందేమో, వయసు తేడా ఉందేమో ఇప్పుడే చూడండి. రికార్డు మీ నాన్నగారిదేనని తేలకపోతే ఎంత మంచి కాగితమైనా దండగే. తప్పుంటే ఆసుపత్రి వాళ్ల చేతే సంతకంతో దిద్దించండి. మీరు పెన్ను పెట్టొద్దు.

సీతమ్మధార_59:
ప్రైవేటు డాక్టరు చేత ‘60 శాతం వైకల్యం’ అని రాయించకండి, ఆ శాతం చెల్లదు. బోర్డు 40 శాతం లేదా ఆపైన ఇస్తేనే నెలకు 6,000 పింఛను. పూర్తిగా మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైతే 15,000. సర్టిఫికెట్ తాత్కాలికమైతే దాని మీద గడువు తేదీ ఉంటుంది, అది దాటకముందే మళ్లీ స్లాట్ పెట్టించుకోవాలి. 40 లోపు వచ్చిందని అప్పీలుకి వెళితే (2016 దివ్యాంగుల హక్కుల చట్టం, 59వ సెక్షన్) అవే కాగితాలు మళ్లీ ఇవ్వకండి. ఫిజియో గారు చెప్పిన అంకెలతో తాజా పరీక్ష రిపోర్టు జతచేయండి.