లపీజ్ అన్నది "హంతకులు" అనా, "హంతకులారా" అనా?

చిన్నప్పుడు ఏదో వారపత్రికలో చదివిన మాట రెండు రోజులుగా వదలడం లేదు. 1910 టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెంలో పిరనీస్ కొండెక్కుతూ ఆక్తావ్ లపీజ్ అనే ఫ్రెంచి పోటీదారు నిర్వాహకుల మీద అరిచిన మాట. చివర ‘రా’ ఉందా, లేదా?

— లేదండీ. ఫ్రెంచిలో ‘వూజెత్ దెజసాసాఁ’. క్రియ ఉంది కనక సంబోధన కాదు, నింద. ‘మీరు హంతకులు’. ‘హంతకులారా’ అంటే ఆ తర్వాత ఇంకేదో చెప్పాలి, లేకపోతే వాక్యం వేలాడుతుంది.

— ఒప్పుకోను మాస్టారూ. ఆ రోజు అంచె లూషోన్ నుంచి బయోన్‌కి 326 కిలోమీటర్లు. దారిలో తూర్మలే, ఓబిస్క్ లాంటి కొండలు. గేర్లు మార్చే వీల్లేని బండి, మట్టి రోడ్డు. తొక్కలేని చోట దిగి నెట్టుకుంటూ నడిచాడు. ఊపిరందని మనిషి కర్తా క్రియా కూర్చుకుంటాడా? కొన్ని కథనాల్లో ఒక్క ‘అసాసాఁ’ మాటే ఉంది. ‘లారా’లోని దీర్ఘం కొండ మీద అరవడానికి సరిగ్గా సరిపోతుంది.

— ‘హంత’ అంటే అయ్యో అని కూడా అర్థం కదా. ఆ ఏడుపూ ఇందులో వినిపిస్తోంది నాకు.

— ఆ ‘హంత’ అవ్యయం, ఇది హన్ ధాతువు. రెంటినీ కలపకండి. నా అభ్యంతరం వేరు. హంతకుడంటే చంపేసినవాడు. అక్కడ ఎవరూ చావలేదు. బియ్యం బస్తా మేడ మీదికి చేరేస్తూ మూడో మెట్టు మీద ఆగి, గోడకి చెయ్యానించి మా అమ్మ అనేది: ‘చంపుతున్నార్రా నన్ను!’ లపీజ్ మాటకి తెలుగు అదే.

— అక్కా, బస్తా అనగానే పోతన గజేంద్రుడు గుర్తొచ్చాడు. ‘తనువున్ డస్సెన్’. అలసెన్ అనలేదు చూడండి. ‘డస్సెన్’ దగ్గర చదివేవాడి నోరు కూడా ఒక్క క్షణం ఆగుతుంది.

— పద్యంలో అసలు బలం ప్రాస వకారానిది. లావు, ఠావు, నీవే, రావే. శక్తి పోయిందని మొదలైన అక్షరమే చివరికి పిలుపైంది. గజేంద్రుడు వేడుకున్నాడు, లపీజ్ నిలదీశాడు. అందుకే ‘రావే’లో ఉన్న మెత్తదనం ‘లారా’లో ఉండకూడదు.

— చాలామంది తూర్మలే మీద అన్నాడని రాస్తారు. నిర్వాహకుల్లో ఒకడైన విక్టర్ బ్రెయే చెప్పింది ఓబిస్క్ దగ్గర. అప్పటికి లఫుర్కాద్ అనే మరో పోటీదారు ముందున్నాడు. అయినా ఆ అంచె లపీజే గెలిచాడు, 14 గంటలకు పైగా తొక్కి. ఆ ఏడు టూర్ కూడా 4 పాయింట్ల తేడాతో ఫాబర్ మీద గెలిచాడు. పారి-రూబే అనే మరో సైకిల్ పందెం అంతకుముందే రెండుసార్లు, మర్నాడు 1911లో మూడోసారి. 1917 జులై 14న యుద్ధ విమానంలో పోరాడుతూ కూలిపోయాడు. 29 ఏళ్లు. ఆ సంగతి తెలిశాక ఆ మాట నాకు మామూలుగా వినపడదు.

— ‘మర్నాడు’ కాదండీ, ‘మరుసటేడు’.

— నిజమే, మరుసటేడు.

— అక్కా, ‘చంపుతున్నార్రా’లో ‘ర్రా’ మగవాళ్లకేనా? మా కోనసీమలో ఆడపిల్లల్నీ ‘రండర్రా’ అనే పిలుస్తారు.