‘సైన్’ మన మాటేనా?

గోదారి గట్టు:
త్రికోణమితిలోని సైన్ మన ‘జ్యా’ నుంచి, కొసైన్ మన ‘కోటిజ్యా’ నుంచి పుట్టాయని మా అబ్బాయికి ట్యూషన్‌లో చెప్పారట. నాకు నిజమే అనిపిస్తోంది. ఆర్యభటుడు క్రీ.శ. 499లోనే జ్యాల పట్టిక ఇచ్చాడు కదా! కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

లెక్కల టీచర్:
సగమే ఒప్పండి. తెలుగు మీడియం పిల్లలకు రోజూ బోర్డు మీద గీసి చూపిస్తుంటాను: వృత్తంలో చాపం అంటే విల్లు, దాని రెండు కొసల్నీ కలిపే జ్యా అంటే వింటినారి. ఆర్యభటుడికి కావలసింది అందులో సగం, అర్ధజ్యా. వాడగా వాడగా ‘అర్ధ’ ఊడిపోయింది. జ్యాకే ఇంకో పేరు జీవా. అరబ్బులు దాన్ని విన్నట్టే తీసుకున్నారు. కానీ వాళ్ల రాతలో అచ్చులన్నీ రాయరు కాబట్టి కాగితం మీద జ, య, బ మాత్రమే మిగిలాయి. తర్వాతివాళ్లు దాన్ని తమకు తెలిసిన ‘జైబ్’గా చదివారు. అంటే గుండె మీది బట్ట మడత. మన చొక్కా జేబు కూడా ఆ మాటే! 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి తెచ్చినవాళ్లు మడత, ఒంపు అనే అర్థమున్న ‘సైనస్’ పెట్టారు. ముక్కు పక్కన నొప్పెట్టే సైనస్ కూడా అదే. అందుకే సైన్‌లో జ్యా శబ్దం ఒక్కటీ లేదు.

కొసైన్ సంగతి పూర్తిగా తప్పు. 1620లో ఇంగ్లండ్‌లో ఎడ్మండ్ గంటర్ అనే గణితవేత్త పూరక కోణపు (కలిపితే 90 డిగ్రీలయ్యే రెండో కోణపు) సైన్‌కి పెట్టిన పేరది. కోటిలోని ‘కో’తో దానికి ఏ సంబంధమూ లేదు.

పాత పుస్తకాలు:
మరి గ్రీకుల మాటేమిటి? వాళ్ల ఖగోళ శాస్త్రవేత్త టాలెమీ 2వ శతాబ్దంలోనే జ్యాల పట్టిక వేశాడు. మన ‘కేంద్రం’ గ్రీకు ‘కెంట్రాన్’ నుంచి వచ్చిందే కదా.

లెక్కల టీచర్:
కేంద్రం సంగతి ఒప్పుకుంటాను. కానీ టాలెమీవి పూర్తి జ్యాలు. వాటితో లంబకోణ త్రిభుజం భుజం కట్టాలంటే కోణాన్ని రెట్టింపు చేసి, వచ్చిన జ్యాని సగం చేయాలి. ఆర్యభటుడు ఆ సగాన్నే పట్టికకెక్కించాడు. 225 కళల (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక కళ) చొప్పున 24 మెట్లు, ఒకే ఒక్క శ్లోకంలో. ఇవాళ పిల్లలు నేర్చుకునే సైన్ అదే. ఆలోచన మనది, పేరు లాటిన్‌ది.

గోదారి గట్టు:
కొసైన్ వదిలేస్తున్నానండి, ట్యూషన్‌లో కూడా చెప్తాను. సైన్ మాత్రం వదలను. జీవాని ఎవరూ తప్పుగా చదవకపోతే సైనస్ అనే మాట లెక్కల్లోకి వచ్చేదే కాదు. అలాంటప్పుడు దాని తల్లి జీవా కాదంటే ఎలా ఒప్పుకోను?