మద్యం మానుతున్నవారికి ‘సాగర సంగమం’ చూపించవచ్చా?

ప్రశ్న: మద్యం మానేందుకు చికిత్స పొందుతున్న మా అన్నయ్యతో కలిసి కె. విశ్వనాథ్ గారి ‘సాగర సంగమం’ (1983) చూడాలనుకుంటున్నాను. అందులో తాగుడుకు బానిసైన నాట్యకళాకారుడు బాలు పాత్ర అన్నయ్యకు ధైర్యమిస్తుందా, బాధ పెంచుతుందా?

జవాబు: తాగిన మైకంలో బావి గట్టుమీద నాట్యమాడే ఘట్టం ఆయనను కలవరపెట్టవచ్చు కనుక ముందే చెప్పి చూపించండి. నా దృష్టిలో అసలు పాఠం బాలు స్నేహితుడు రఘుపతి పాత్రలో ఉంది. తాగుడుకు బానిసైన మిత్రుణ్ణి అసహ్యించుకోకుండా అతడు చివరిదాకా వెంట నిలిచాడు. యువ నర్తకి శైలజకు నాట్యం నేర్పే బాధ్యత దొరికాకే బాలు బ్రతుకుకు మళ్లీ ఒక అర్థం ఏర్పడింది.

మరో జవాబు: అంగీకరిస్తాను, అయితే బాలు చివరకు మరణిస్తాడని మరువకండి. బాగా అలవాటుపడినవారు ఒక్కసారిగా మానేస్తే మూర్ఛలు, మతిభ్రమ రావచ్చు కనుక తోడుతోపాటు వైద్యుని పర్యవేక్షణ తప్పనిసరి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. వైద్యుణ్ణి అడిగాక, అన్నయ్య పక్కనే కూర్చుని చూస్తాను.