తాతయ్య పెట్టెలో పాత సైక్లింగ్ పత్రికలు దొరికాయి, కాస్త సాయం చెయ్యండి

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మొన్న అటక దులుపుతుంటే తాతయ్య ట్రంకుపెట్టెలో 1950ల మొదట్లో వచ్చిన ఇంగ్లీషు ‘సైక్లింగ్’ పత్రికలు ఇరవై దాకా బయటపడ్డాయి. ఇంగ్లండులో 1891లో మొదలైన పత్రిక, ఇప్పుడు సైక్లింగ్ వీక్లీ అంటున్నారు చూడండి, అదే. ఆయనకి ఎవరిచ్చారో నాన్నమ్మకీ తెలీదు.

వాటి నిండా మడ్‌గార్డులు, సీటు వెనక సంచులు, పల్లెలు చుట్టొచ్చిన కబుర్లు. ఇప్పటివి తెరిస్తే కార్బన్ ఫ్రేములు, తొక్కే బలానికి వాట్ల లెక్కలు, గుండె ఎంత కొట్టుకుంది అన్న గొడవ. నాకైతే పాతవే నచ్చాయి. మా తాతయ్య మాత్రం అవి చదివి, పొద్దున్నే కాలవగట్టు మీద సైకిలు క్యారేజీకి చెరోపక్క కొబ్బరికాయలు కట్టుకుని సంతకి పోయేవాడట, డైనమో గిర్రుమంటుంటే వీధంతా తెలిసేదట. ఇప్పుడదే గట్టు మీద ఆదివారాలు హెల్మెట్ల గుంపు కనిపిస్తోంది.

అడగాల్సింది ఏంటంటే, పిన్నులు తుప్పు పట్టి కాగితానికి గోధుమరంగు మరకలు దిగాయి, మధ్యలో వెండిపురుగు తినేసింది, మా తేమకి ఇంకో వానాకాలం ఆగేలా లేవు. పిన్నులు పీకెయ్యాలా, ముందు స్కాన్ చేయించాలా? ఎండలో పెట్టొద్దంటున్నారు, నిజమేనా?

ఇంకోటి, ఆయన కడ్డీ బ్రేకుల రాలీ సైకిలుకి బ్రేకు రబ్బర్లు కావాలి. రాజమండ్రిలో రెండు షాపులు తిరిగా, లేవన్నారు. ఎక్కడ దొరుకుతాయో తెలిస్తే చెప్పండి.