గిరిజన విద్యార్థులు డిగ్రీ మధ్యలో ఆగిపోకుండా కళాశాల స్థాయిలో ఏం చేయవచ్చు?

ప్రశ్న (డిగ్రీ అధ్యాపకుడు, పాతపట్నం ప్రాంతం):

నేను వృక్షశాస్త్రం బోధిస్తాను. మెళియాపుట్టి, మందస, సీతంపేట కొండల నుంచి సవర, జాతాపు విద్యార్థులు ఏటా మా కళాశాలలో చేరుతున్నారు. రిజర్వేషన్, ఉపకార వేతనం, వసతి గృహం ఉన్నందున చేరడం వరకు పెద్ద చిక్కు లేదు. అసలు కష్టం మొదటి సెమిస్టరులో మొదలవుతోంది. ఇంట్లో సవర, ఆశ్రమ పాఠశాలలో తెలుగు మాట్లాడుతూ పెరిగిన పిల్లలు, 2021-22 నుంచి డిగ్రీ బోధన ఆంగ్లంలోకి మారడంతో, మూడో భాషలో కణవిభజన నేర్చుకోవలసి వస్తోంది. ప్రాక్టికల్‌కు తెచ్చిన కొమ్మను చూడగానే దాని సవర పేరు, పూత కాలం, ఏ రోగానికి వాడతారో గడగడా చెప్పిన అమ్మాయి, రికార్డు మాత్రం పక్కవారి పుస్తకం చూసి ఎక్కించుకుంటోంది. సంక్రాంతికి ఊరు వెళ్లిన వారిలో కొందరు తిరిగి రావడం లేదు. అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

జవాబు 1 (విశ్రాంత గురుకుల ఉపాధ్యాయుడు, పార్వతీపురం):

మాస్టారూ, కెనడాలోని డల్హౌసీ విశ్వవిద్యాలయం 1970లోనే మిక్‌మా ఆదివాసీ విద్యార్థులకు, అక్కడి నల్లజాతి విద్యార్థులకు డిగ్రీకి ముందు ఒక సన్నాహక సంవత్సరాన్ని ఏర్పాటు చేసింది. మనకు ఏడాది కుదరకపోయినా, తరగతులకు ముందు నెల రోజులు ఆంగ్ల పరిభాష, నోట్సు రాసుకొనే పద్ధతి, రికార్డు రాయడం నేర్పితే చాలా మంది నిలబడతారు. ఆ నెలలో సీనియర్ సవర విద్యార్థులనే బోధనకు తోడుగా పెట్టండి. మీ పొరుగునే ఉన్న పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారు సవరలకు సవరలోనే చదువు చెప్పించారు. ఆ దారి మనకు కొత్తది కాదు.

జవాబు 2 (పూర్వ విద్యార్థి, సవర, ప్రస్తుతం శ్రీకాకుళంలో ఉద్యోగి):

గురువుగారూ, చదువు తరువాత ఏమిటన్నది కూడా అంతే ముఖ్యం. మా ఊళ్లలో డిగ్రీ అంటే బి.ఇడి., ఆపై టీచరు ఉద్యోగం అనే భావనే ఉండేది. షెడ్యూల్డు ప్రాంతాల ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించిన 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టివేశాక ఆ ఒక్క దారి కూడా ఇరుకైంది. మరి ఇతర దారులు మొదటి ఏడాదిలోనే చూపించాలి కదా. మా కొండల్లో జీడి పండుతుంది, పలాసలో పప్పుగా మారుతుంది. లాభం ఎక్కువగా ఆ మధ్యలోనే ఉంది. కామర్సు, సైన్సు విద్యార్థుల ఇంటర్న్‌షిప్ పలాస జీడి పరిశ్రమల్లోనో, చింతపండు, తేనె కొనే గిరిజన సహకార సంస్థలోనో పెడితే, నాణ్యత పరీక్ష, ధర నిర్ణయం, లెక్కలు కళ్లారా చూస్తారు. పై చదువుకు విజయనగరంలో 2019లో ఏర్పడిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. పరిశోధన చేసే ఎస్టీ విద్యార్థులకు జాతీయ ఫెలోషిప్ ఏటా 750 మందికి ఇస్తారని నాకు పీజీ చివరిలో గాని తెలియలేదు. ఇవన్నీ అడ్మిషన్ రోజునే చెప్పాలి.

జవాబు 3 (వసతి గృహ సంక్షేమాధికారి, విజయనగరం):

ఒక్క మాట. ఉపకార వేతనం ఆలస్యమైనప్పుడు బస్సు చార్జీకీ పరీక్ష ఫీజుకీ డబ్బు లేక ఆగిపోయేవారు ఉన్నారు. కళాశాల చిన్న నిధి పెట్టి ముందుగా కట్టి, సొమ్ము వచ్చాక తిరిగి తీసుకోవచ్చు.

ప్రశ్న వేసినవారు:

అందరికీ కృతజ్ఞతలు. సన్నాహక తరగతులు ఈ వేసవిలోనే మొదలుపెట్టడానికి ప్రిన్సిపాల్ గారితో మాట్లాడుతున్నాను. పలాసలో విద్యార్థులను ఇంటర్న్‌షిప్‌కు తీసుకొన్న జీడి పరిశ్రమలు ఎవరికైనా తెలిస్తే, అక్కడ అమ్మాయిల వసతికి ఏం చేశారో కూడా దయచేసి రాయండి.