బషో ‘యొ’: తరమా, లోకమా, వంతా?

ప్రశ్న: జపాన్ కవి బషో ప్రయాణం కట్టేముందు గుడిసె వదులుతూ రాసిన హైకూ. ‘కుస నొ తొ మొ, సుమికవరు యొ…, హిన నొ ఇఎ’. రెండో పాదం చివర ‘జొ’నా, ‘య’నా? ‘యొ’ తెలుగులో లోకమా, తరమా?

— రెండు పాఠాలూ ఉన్నాయి. ముందుది ‘యొ య’, అక్కడ ‘యొ’కి రాసిన లిపి గుర్తు లోకానికి వాడేది. 1689 ప్రయాణ గ్రంథంలో ‘యొ జొ’, ఆ గుర్తు తరానికి వాడేది. ‘జొ’కి మన ‘సుమా’ చక్కగా అతుకుతుంది: ‘గడ్డి గుడిసెకీ కాపురం మారే తరం సుమా, హీనా బొమ్మల ఇల్లు’. హీనా అంటే మార్చి 3న ఆడపిల్లల పండుగకు ఇంట్లో పేర్చే బొమ్మలు.

— ‘హీనా’ కాదండీ, హ్రస్వం. హి-న-నొ-ఇ-ఎ, ఐదు మాత్రలు. దీర్ఘం పెడితే ఆరవుతాయి. పైగా తెలుగులో ‘హీన’ అంటే వేరే అర్థం.

— ఛందస్సుకు హ్రస్వమే, ఒప్పుకుంటా. కానీ దీర్ఘం తప్పు కాదు. హైఅన్ కాలపు (జపాన్‌లో 8–12 శతాబ్దాలు) రాతల్లో ‘హిహిన’, అదే తర్వాత ‘హీన’గా పలికింది.

— అసలు ‘తరం’ దగ్గర నాకు పేచీ. తరం అనగానే తాత, తండ్రి, కొడుకు గుర్తొస్తారు. ఆ గుడిసె వారసుడికి పోలేదు, కూతురూ మనవలూ ఉన్న పరిచయస్తుడికి పోయింది. ‘వంతు’ అనండి.

— మరి ‘ఇల్లు’ బదులు ‘కొలువు’? పైమెట్టున చక్రవర్తి దంపతులు, కింద ముగ్గురు పరిచారికలు, ఐదుగురు వాద్యగాళ్ళు, ఇద్దరు మంత్రులు, ముగ్గురు సేవకులు. 7 మెట్లు, 15 బొమ్మలు, అచ్చంగా రాజకొలువే.

— ఆ వరస తర్వాతి కాలానిది. 1689 నాటి ఇంట్లో ఏడు మెట్లు ఊహించకండి. ‘ఇఎ’ అంటే ఇల్లే.

— నేను ‘తరం’ వైపే. ఈ బొమ్మలు తల్లి నుంచి కూతురికి చేరతాయి, చేరాలంటే జాగ్రత్త కావాలి. ముఖం పూత గుల్లల పొడి, జంతుచర్మపు జిగురు. వేలి జిడ్డు అంటితే మరక పోదు, తేమ తగిలితే బూజు. మార్చి 3 దాటాక పొడి వాతావరణం ఉన్న రోజు చూసి, మెత్తని కుంచెతో దులిపి, ముఖానికి పల్చని కాగితం చుట్టి పెట్టెలో పెడతారు. కర్పూరం, నాఫ్తలీన్ రెండూ కలిపి వేయకూడదు. ఒకదానితో ఒకటి కరిగి పట్టుబట్టకు మరక పడుతుంది.

— బొమ్మలకు తరం సరే. పద్యంలో ‘యొ’ గుడిసెది కదా!

— ‘వంతు సుమా’ చెవికి ఎలా ఉందో ఒకసారి పైకి చదివి చూడండి.