ఆస్ట్రానమీ 101 తీసుకున్నవాళ్లు, సిలబస్‌లో దేని దగ్గర జాగ్రత్త పడాలో చెప్పండి

ఫాల్_ఫ్రెషర్
అందరికీ నమస్తే. వరంగల్ నుంచి ఈ నెలే డాలస్ దగ్గర ఒక యూనివర్సిటీకి బిజినెస్ డిగ్రీ చదవడానికి వచ్చాను. జనరల్ ఎడ్యుకేషన్ కింద ల్యాబ్‌తో కలిపి 4 క్రెడిట్ల సైన్స్ కోర్సు ఒకటి తప్పనిసరి. సీనియర్లు "ఆస్ట్రానమీ తీసుకో, ఈజీ" అంటే తీసుకున్నాను. నిన్న సిలబస్ తెరిస్తే తొమ్మిది పేజీలు ఉంది. లెక్చర్‌కి వేరే మార్కులు, ల్యాబ్‌కి వేరే మార్కులు. రాత్రిపూట అబ్జర్వేషన్‌కి రెండుసార్లు రావాలి, నెల రోజులు చంద్రుణ్ణి చూసి జర్నల్ రాయాలి, క్లాసులో క్లిక్కర్ (జవాబు నొక్కే చిన్న రిమోట్ లాంటిది) ప్రశ్నలు ఉంటాయి, మేకప్ ఎగ్జామ్ (మిస్సయితే మళ్లీ పెట్టేది) లేదు. ఇంటర్‌లో నాది ఎంఈసీ, ఫిజిక్స్ ముట్టుకుని రెండేళ్లు దాటింది. కోర్సు మార్చుకోవడానికి వచ్చే బుధవారం దాకానే టైముంది. టెన్షన్‌గా ఉంది. ఉండాలా, మారాలా?

గుంటూరు_టు_డాలస్
ఉండమ్మా, మారొద్దు. కానీ "ఈజీ" అన్న మాట ఇవాళే మర్చిపో. నేను కూడా ఆ మాట నమ్మే చేరాను, మా కాలేజీ పేరు వద్దులే. మాకు సెమిస్టర్‌లో ఐదు అబ్జర్వేషన్ రాత్రులు పెట్టారు, వాటిలో రెండిటికి వెళ్తే చాలు. సెప్టెంబర్‌లో మొదటి రెండు రాత్రులూ ఆకాశం అద్దంలా ఉంది. రూమ్మేట్ బర్త్‌డే అని ఒకటి, నిద్రొస్తోందని ఇంకోటి వదిలేశాను. అక్టోబర్‌లో ఒక్కదానికి వెళ్లాను. మిగిలిన రెండూ నవంబర్‌లో. ఒకరోజు మబ్బు, ఇంకోరోజు వాన. సిలబస్‌లో "వాతావరణం వల్ల చివరి రాత్రులు రద్దయితే ప్రత్యామ్నాయం ఉండదు" అని స్పష్టంగా రాసుంది. నేను ఆ పేజీ చదివింది డిసెంబర్‌లో. ఏ రావాల్సినవాడికి బి వచ్చింది. మొదటి తేదీకే వెళ్లు, రెండో తేదీకీ వెళ్లు, అయిపోతుంది.

ల్యాబ్_టీఏ
నేను ఫిజిక్స్ పీహెచ్‌డీ చేస్తూ మూడేళ్లుగా ఈ కోర్సుకి ల్యాబ్ చెబుతున్నాను. ఒక్కో యూనివర్సిటీది ఒక్కో పద్ధతి కాబట్టి నీ సిలబస్‌లో ఉన్నదే ఫైనల్. పిల్లలు ఎక్కడ దెబ్బతింటారో మాత్రం చెప్పగలను.

అన్నిటికంటే ముందు ల్యాబ్ వాక్యం వెతుకు. చాలాచోట్ల "ల్యాబ్ ఫెయిలైతే కోర్సు మొత్తం ఫెయిల్" అని ఉంటుంది. లెక్చర్‌లో తొంభై శాతం తెచ్చుకుని మూడు ల్యాబులు ఎగ్గొట్టినందుకు కోర్సు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. వాళ్లకు రానిది సబ్జెక్టు కాదు, ఆ ఒక్క వాక్యం చదవలేదంతే. రెండోది, మేకప్ లేదు అని చూసి భయపడకు. దాని పక్కనే "తక్కువ వచ్చిన రెండు క్విజ్‌లు లెక్కలోకి రావు" లాంటి మాట ఉంటుంది, చూడు. జ్వరం వచ్చినా బస్సు మిస్సయినా సర్దుకోవడానికే అది పెడతారు. మొదటి నెలలోనే సరదాకి వాడేస్తే నవంబర్‌లో నిజంగా ఒంట్లో బాగోనప్పుడు చేతిలో ఏమీ మిగలదు.

లెక్కల గురించి. ఎంఈసీ అంటే నీకు మ్యాథ్స్ వచ్చినట్టే. ఇందులో క్యాల్‌క్యులస్ ఉండదు. కెప్లర్ మూడో సూత్రం చూడు: గ్రహం సూర్యుడి చుట్టూ తిరిగే కాలాన్ని ఏళ్లలో వర్గం చేస్తే, దాని సగటు దూరం ఘనానికి సమానం. దూరాన్ని భూమి-సూర్యుల దూరంతో కొలవాలి. గురుడి దూరం 5.2. దాని ఘనం సుమారు 140.6, వర్గమూలం 11.86. అంటే దాదాపు పన్నెండేళ్లు. మన నదులకు పన్నెండేళ్లకోసారి పుష్కరాలు వచ్చేది గురుడు రాశులన్నీ ఒక చుట్టు చుట్టి రావడానికి అంత కాలం పడుతుంది కాబట్టే. ఈ లెక్క బోర్డు మీద వేసిన రోజు మా ల్యాబ్‌లో ఉన్న రాజమండ్రి అబ్బాయి ముఖం వెలిగిపోయింది, ఆ తర్వాత సూత్రం మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

మన పిల్లలు ఎక్కువగా తడబడేది కోట్లు, మిలియన్ల మధ్య. సూర్యుడి దూరం 15 కోట్ల కిలోమీటర్లు, ఇక్కడ 150 మిలియన్లు అంటారు, రాసేటప్పుడు 1.5 పక్కన పదిపై ఎనిమిది ఘాతం. ఈ మూడూ ఒకటేనని చేతికి అలవాటయ్యేదాకా ఓ వారం సాధన చెయ్యి.

కరీంనగర్_కుర్రాడు
ఎఫ్-1 వీసా మీద వచ్చావు కాబట్టి ఇది తప్పక చదువు. అండర్‌గ్రాడ్ వాళ్లు సెమిస్టర్‌కి కనీసం 12 క్రెడిట్లు చదవాలి. ఆన్‌లైన్ కోర్సు అందులో ఒక్కటే, అదీ 3 క్రెడిట్ల వరకే లెక్కకొస్తుంది. నేను సరిగ్గా 12తో ఉండి, అక్టోబర్‌లో ఒక కోర్సు కష్టంగా ఉందని మానేద్దామనుకున్నాను. "డబ్ల్యూ (మధ్యలో మానేసినట్టు గుర్తు) పడుతుంది, జీపీఏకి ఏం కాదు" అని ఫ్రెండ్ అన్నాడు. అతను సిటిజన్, అతనికి ఏం కాదు నిజమే. నేను వదిలితే 8 క్రెడిట్లే మిగిలేవి, వీసా స్టేటస్‌కే ఎసరు. బటన్ నొక్కే ముందు ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్లాను కాబట్టి బయటపడ్డాను. మారాలనుకుంటే బుధవారం లోపే మారు, దాని స్థానంలో ఇంకోటి తీసుకున్నాకే ఇది తీసెయ్.

ఫాల్_ఫ్రెషర్
అన్నా, నావి 13 క్రెడిట్లు. ఇది వదిలితే 9. ఈ సంగతి నాకు తట్టనే లేదు. చాలా థాంక్స్.

న్యూజెర్సీ_అమ్మ
మా అబ్బాయి పోయినేడు ఇదే కోర్సు చేశాడు. మిడ్‌టర్మ్‌లో మార్కులు తగ్గాయని తెలిసి నేనే ప్రొఫెసర్‌గారికి ఈమెయిల్ పెట్టాను. విద్యార్థి రాతపూర్వకంగా ఒప్పుకోకుండా మార్కుల గురించి తల్లిదండ్రులతో మాట్లాడటం చట్టం ప్రకారం కుదరదని చాలా మర్యాదగా జవాబిచ్చారు. ఫీజు కట్టేది మేమే కదా అని మొదట బాధపడ్డాను. తర్వాత బాబే ఆఫీస్ అవర్స్‌కి (ప్రొఫెసర్‌గారు డౌట్లు చెప్పడానికి కేటాయించిన సమయానికి) వెళ్లి కూర్చుని, తప్పులన్నీ అడిగి తెలుసుకుని వచ్చాడు. ఫైనల్ బాగా రాశాడు. ఇక్కడ పిల్లలే వెళ్లి అడగాలి, అడిగితే ఎంతో ఓపిగ్గా చెబుతారు. నువ్వు మొహమాటపడకు తల్లీ, మొదటి నెలలోనే ఒకసారి వెళ్లి కనబడు.

కమ్యూనిటీ_కాలేజ్_బ్యాచ్
ఇంకొకటి. ఇది సైన్స్ మేజర్లు కానివాళ్ల కోసం పెట్టిన కోర్సు. బిజినెస్ వాళ్లకి సరిపోతుంది. ఇంజినీరింగ్ వైపు మారే ఆలోచన ఉంటే వాళ్లడిగే ఫిజిక్స్ స్థానంలో ఇది సాధారణంగా చెల్లదు. నేను అలాగే మారి ఒక సెమిస్టర్ ఫీజు అదనంగా కట్టాను. అడ్వైజర్‌ని అడుగు.

పుస్తకం కొనే ముందు కూడా ఆగు. ఓపెన్‌స్టాక్స్ వాళ్ల ఆస్ట్రానమీ పుస్తకం నెట్‌లో ఉచితం, చాలా కాలేజీలు అదే పెడతాయి. ఆకాశాన్ని కంప్యూటర్‌లో చూపించే స్టెల్లారియం కూడా ఉచితమే, ఇవాళే లాప్‌టాప్‌లో వేసుకో.

గుంటూరు_టు_డాలస్
కలిసి చేసే ల్యాబ్ రిపోర్టుల సంగతి టీఏ అన్న చెప్పాలి. మా బ్యాచ్‌లో ఇద్దరు ఇరుక్కున్నారు.

ల్యాబ్_టీఏ
అవును, చెప్పాల్సిందే. పార్టనర్‌తో కలిసి కొలిచిన అంకెలు ఇద్దరివీ ఒకేలా ఉండొచ్చు, ఉండాలి కూడా. లెక్క కట్టడం, గ్రాఫ్ గీయడం, ముగింపు రాయడం మాత్రం ఎవరిది వాళ్లే చెయ్యాలి. మన దగ్గర రికార్డు ఒకరు రాస్తే పదిమంది చూసి రాసుకోవడం ఉంది, దాన్ని ఎవరూ పెద్ద తప్పుగా చూడరు. ఇక్కడ అదే కేసవుతుంది. రెండు రిపోర్టుల్లో ఒకే స్పెల్లింగ్ తప్పు కనిపించినప్పుడు నాకు చాలా బాధేస్తుంది, అయినా పైకి పంపక తప్పదు. స్నేహం కొద్దీ ఫైల్ ఇచ్చినవాళ్లూ తప్పు చేసినట్టే. వేరేవాళ్ల క్లిక్కర్ నొక్కడం కూడా అంతే. ఏఐ వాడొచ్చా లేదా అన్నది సిలబస్‌లో లేకపోతే మొదటి వారమే అడిగెయ్.

చంద్రుడి జర్నల్‌లో అంకెలు ఊహించి రాస్తే తెలిసిపోతుంది. చంద్రోదయం రోజుకి సగటున 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, పౌర్ణమినాడు సూర్యాస్తమయం వేళకి ఉదయిస్తాడు. సాయంత్రం ఏడింటికి తూర్పున నెలవంక చూశానని రాస్తే ఎవరైనా పట్టేస్తారు. మబ్బు పట్టిన రోజు "మబ్బు" అని రాస్తే మార్కులు తగ్గవు. నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి, ఆ రోజు నుంచి నీ టైములు ఎగుడుదిగుడుగా కనిపిస్తాయి, కంగారుపడకు, పక్కన ఒక గమనిక రాస్తే చాలు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మమ్మని ఇవాళ తిథి ఏంటని అడుగు. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. నువ్వు నెలంతా కొలవబోయేది అదే.

న్యూజెర్సీ_అమ్మ
దీపావళి ఎప్పుడో కూడా చూసుకో తల్లీ. మా వాడికి ఆ వారమే అబ్జర్వేషన్ పడింది.

ల్యాబ్_టీఏ
మంచి మాట గుర్తుచేశారండి. మసక చుక్కలు కనబడాలంటే చీకటి కావాలి, అందుకని అబ్జర్వేషన్లు అమావాస్య దగ్గర్లో పెడుతుంటారు. దీపావళి అమావాస్యే కదా! మతపరమైన పండుగలకు వెసులుబాటు అడగొచ్చు, కానీ చాలా సిలబస్‌లలో మొదటి కొన్ని వారాల్లోనే రాతపూర్వకంగా చెప్పాలని ఉంటుంది. పండుగ ముందురోజు అడిగితే మాకూ చేతులు కట్టేసినట్టే ఉంటుంది.

ఫాల్_ఫ్రెషర్
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. కోర్సులోనే ఉన్నాను. దీపావళి ఈమెయిల్ పెట్టాను, వేరే తేదీ ఇచ్చారు. మొదటి అబ్జర్వేషన్ కూడా అయిపోయింది. ధ్రువనక్షత్రం ఎత్తు కొలవమన్నారు. చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి పెడితే పది డిగ్రీలు, చిటికెన వేలు ఒక డిగ్రీ. దిగంతం నుంచి ఒకదాని మీద ఒకటి పిడికిళ్లు పేర్చుకుంటూ పోతే మూడు, ఆపైన రెండు వేళ్లు. అంటే 32. ధ్రువనక్షత్రం ఎత్తు మనమున్న చోటి అక్షాంశమంతే ఉంటుందట, డాలస్ అక్షాంశం 33కి కొంచెం తక్కువ! వరంగల్‌లో అయితే 18 డిగ్రీలే, రెండు పిడికిళ్లు కూడా నిండవు. నాన్నకి ఫోన్‌లో చెబితే ఆయన కూడా డాబా ఎక్కి కొలుస్తానన్నారు.

రేపు రెండోది. ఫోన్ టార్చ్ వేసుకుంటే అందరూ కోప్పడ్డారు. నోట్స్ ఎలా రాసుకోవాలి?

ల్యాబ్_టీఏ
భేష్, కొలత చాలా బాగా వచ్చింది. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటుపడటానికి 20, 30 నిమిషాలు పడుతుంది, తెల్ల వెలుగు ఒక్కసారి పడితే అదంతా పోతుంది. చిన్న టార్చ్‌కి ఎర్ర సెలోఫేన్ రెండు మూడు మడతలు చుట్టి రబ్బర్ బ్యాండ్ వెయ్యి. పెన్ను కాకుండా పెన్సిల్ తీసుకెళ్లు, మంచు పడితే కాగితం తడుస్తుంది. స్వెటర్ మర్చిపోకు.